వింత వేషాల హెవీ మెటల్: అందరూ అడిగే ప్రశ్నలు

సముద్రపు దొంగల వేషంలో ఒక బ్యాండ్, డైనోసార్ల వేషంలో ఇంకోటి, కథల్లో గనులు తవ్వే మరుగుజ్జుల పేరుతో మరోటి. నా ఫోన్‌లో ఈ పాటలు విన్న ప్రతివాళ్లూ, రూమ్మేట్ల దగ్గర్నుంచి మా పిన్ని కొడుకు దాకా, తిప్పి తిప్పి అవే డౌట్లు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నాకు ఈ సంగీతమంటే ప్రాణం, కాబట్టి ఇందులో బాగాలేనివి కూడా దాచకుండా చెప్పాను.

## మొదటిసారి వింటున్నవాళ్లకి

అసలు ఇదేంటి? మామూలు హెవీ మెటల్‌కీ దీనికీ తేడా ఏముంది?

వాయించేది అదే. గిటార్‌కి అదే గరగర (డిస్టార్షన్), రెండు కాళ్లతో దడదడలాడించే అదే డబుల్ బేస్ డ్రమ్స్, అదే గట్టి గొంతు. తేడా ఎక్కడంటే, బ్యాండ్ మొత్తం ఒకే విషయాన్ని పట్టుకుని కూర్చుంటుంది. పాటలు, బట్టలు, ఆల్బమ్ అట్ట, స్టేజీ మీద మాటలు, చివరికి బయట అమ్మే టీషర్టులు కూడా దాని చుట్టూనే తిరుగుతాయి. స్కాట్లాండ్‌లోని పెర్త్ నుంచి వచ్చిన ఏల్‌స్టార్మ్‌కి సముద్రపు దొంగలు, ఇటలీలోని పీసా నుంచి వచ్చిన విండ్ రోజ్‌కి గడ్డాల మరుగుజ్జులు. అలాగని మిగతా మెటల్‌లో నాటకం లేదనుకోకండి. హెవీ మెటల్‌కి ఆద్యులనిపించుకున్న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు తమ బ్యాండ్‌కి బ్లాక్ సబాత్ అనే పేరునే ఒక హారర్ సినిమా నుంచి తీసుకున్నారు, మొదటి ఆల్బమ్‌ని 1970 ఫిబ్రవరి 13న, అదీ శుక్రవారం నాడు, అంటే అక్కడివాళ్లు అపశకునంగా చూసే రోజున విడుదల చేశారు. జనాన్ని భయపెట్టాలి, ఆశ్చర్యపరచాలి అన్న సరదా ఈ సంగీతానికి పుట్టుకతోనే ఉంది.

నాకు అరుపులు పడవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

విండ్ రోజ్ 2019లో చేసిన "డిగ్గీ డిగ్గీ హోల్"తో మొదలుపెట్టండి. అది యోగ్స్‌కాస్ట్ అనే బ్రిటిష్ గేమింగ్ బృందం మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్ వీడియోల సరదాలోంచి పుట్టించిన పాట, వీళ్లు దాన్ని పవర్ మెటల్‌గా, అంటే వేగంగా హుషారుగా సాగే మెటల్‌గా మార్చారు. పల్లవి పదిమంది కలిసి పనిపాట పాడుకున్నట్టు ఉంటుంది, రెండోసారి వచ్చేసరికి మీరూ అందుకుంటారు. తర్వాత జపాన్ అమ్మాయిల బ్యాండ్ బేబీమెటల్, ఆ తర్వాత ఏల్‌స్టార్మ్. ఈ వరుసలో వెళ్తే గొంతు కరుకుదనం కొంచెం కొంచెంగా పెరుగుతుంది, చెవి దానంతటదే అలవాటు పడుతుంది.

ఇది జోకా, సీరియస్సా? నవ్వాలా వద్దా?

బ్యాండ్‌ని బట్టి ఉంటుంది. రోమ్ నుంచి వచ్చిన నానోవార్ ఆఫ్ స్టీల్ లాంటివాళ్లు పక్కా పేరడీ, మెటల్ మీద మెటల్‌తోనే జోకులేస్తారు, నవ్వించకపోతే వాళ్ల పాట ఫెయిలయినట్టే. ఫిన్లాండ్ బ్యాండ్ లోర్డీ అలా కాదు, రాక్షస మాస్కులు పెట్టుకుంటారుగానీ పాటని మాత్రం నిండు మనసుతో పాడతారు. ఈ రెండింటి మధ్యలో ఏల్‌స్టార్మ్ ఉంటుంది: విషయం సరదా, వాయింపు నిజం. నవ్వొస్తే నవ్వేయండి, నవ్వు వచ్చిందంటే సంగీతానికి విలువ తగ్గిందని కాదు. పాటని మొహం మాడ్చుకుని విన్నప్పుడు మాత్రమే గౌరవించినట్టు అన్న ఆలోచన మనకి ఎక్కడ అంటిందో గానీ, వదిలించుకోవాల్సిందే.

భాష తెలియకుండా వింటే ఏం అర్థమవుతుంది?

ట్యూన్ అర్థమవుతుంది, ఊపు అర్థమవుతుంది. ఫిన్‌ట్రోల్ అనే ఫిన్లాండ్ బ్యాండ్ స్వీడిష్‌లో పాడుతుంది, వాళ్ల పాటల్లో హుంప్పా అనే అక్కడి గెంతుల సంగీతం బ్లాక్ మెటల్ అనే చీకటి, కరుకు అరుపుల మెటల్‌తో కలిసిపోయి ఉంటుంది. ఒక్క ముక్క తెలియకపోయినా కాలు ఆగదు. కానీ పేరడీ పాటల్లో సగం జోకులు మాటల్లోనే ఉంటాయి కాబట్టి అవి చేజారతాయి. అలాంటి పాటలకి లిరిక్స్ పక్కన పెట్టుకుని ఒక్కసారి వినండి, రెండోసారి నుంచి అక్కర్లేదు.

## ఇష్టం మొదలయ్యాక

పైరేట్ మెటల్‌ని ఏల్‌స్టార్మ్ వాళ్లే కనిపెట్టారా?

కాదు. జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చిన రన్నింగ్ వైల్డ్ 1987లోనే "అండర్ జాలీ రోజర్" ఆల్బమ్‌తో ఆ జెండా ఎగరేసింది (జాలీ రోజర్ అంటే సముద్రపు దొంగల పుర్రె జెండా). వాళ్లు దొంగల చరిత్రని గంభీరంగా తీసుకున్నారు. ఏల్‌స్టార్మ్ 2004లో బ్యాటిల్‌హార్ట్ అనే పేరుతో మొదలై, పేరు మార్చుకుని, 2008లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. వీళ్లు అదే విషయానికి అకార్డియన్ లాంటి కీబోర్డ్ శబ్దాలు, తాగి పాడుకునే పల్లవులు జోడించారు. గాయకుడు క్రిస్టఫర్ బోవ్స్ మెడలో కీటార్, అంటే గిటార్‌లా తగిలించుకునే కీబోర్డ్, దాంతోనే పాడతాడు. స్టేజీ మీద గాలి నింపిన పేద్ద పసుపు బాతు ఉంటుంది. దొంగలకీ బాతుకీ సంబంధం అడగకండి, ఆ బాతు కనబడగానే వేలమంది మొహాలు వెలిగిపోవడం చూస్తే చాలు.

డైనోసార్ల బ్యాండ్ నిజంగా ఉందా? మా పిల్లలకి పెట్టొచ్చా?

ఉంది, పేరు హెవీసారస్, దేశం ఫిన్లాండ్, మొదటి ఆల్బమ్ 2009లో వచ్చింది. పిల్లల కోసమే పెట్టిన బ్యాండ్, ఐదుగురూ నిలువెత్తు డైనోసార్ వేషాల్లో వాయిస్తారు. లోపల ఉన్నవాళ్లు చేయి తిరిగిన మెటల్ కళాకారులు, అందుకే పిల్లల పాటలని తేలిగ్గా తీసుకోకుండా గిటార్ సోలోలు కూడా శుభ్రంగా వాయిస్తారు. ధైర్యంగా పెట్టండి. ఇంకో మాట మాత్రం మర్చిపోవద్దు: బొమ్మల్లాంటి వేషం ఉందని ప్రతి బ్యాండూ పిల్లలదే అనుకోకండి. ఏల్‌స్టార్మ్‌లో బూతులు, మందు ధారాళంగా ఉంటాయి, అమెరికా బ్యాండ్ గ్వార్ అయితే స్టేజీ మీద తలలు నరికే నాటకం ఆడుతుంది. ముందు మీరు వినండి, తర్వాతే పిల్లల చేతికి ఇవ్వండి.

చిలక పాడే బ్యాండ్ ఉందంట కదా?

ఉంది. బాల్టిమోర్‌లో హేట్‌బీక్ అని, గాయకుడి స్థానంలో వాల్డో అనే ఆఫ్రికన్ గ్రే చిలక. కనైనస్ అని ఇంకో బ్యాండ్‌కి రెండు పిట్‌బుల్ కుక్కలు గొంతిచ్చాయి, ఈ రెండు బ్యాండ్లూ కలిసి ఒక రికార్డు కూడా పంచుకున్నాయి. చిలకని ఇబ్బంది పెట్టకూడదని హేట్‌బీక్ టూర్లకి వెళ్లలేదు, ఆ పని నాకు చాలా నచ్చింది. సంగీతంగా అయితే మొదటి పాటకి ఆశ్చర్యం, రెండో పాటకి చిరునవ్వు, మూడో పాటకి చేయి ఫోన్ మీదకి వెళ్తుంది.

రాక్షస వేషాలవాళ్లు యూరోవిజన్ గెలిచారంటే నమ్మాలా?

నమ్మండి. యూరోవిజన్ అంటే యూరప్ దేశాల మధ్య ఏటా జరిగే పాటల పోటీ. 2006 మేలో, ఏథెన్స్‌లో, లోర్డీ "హార్డ్ రాక్ హల్లెలూయా" పాడి 292 పాయింట్లతో గెలిచింది, అప్పటికి ఆ పోటీలో అదే రికార్డు. ఫిన్లాండ్ 1961 నుంచి పాల్గొంటూ అప్పటిదాకా ఒక్కసారీ గెలవని దేశం. ఏళ్ల తరబడి నీటుగా తయారై వెళ్లినవాళ్ల వల్ల కానిది, రబ్బరు మాస్కులు, కొమ్ములు, రెక్కలు తగిలించుకుని వెళ్లినవాళ్ల వల్ల అయింది. ఆ వీడియో చూసేటప్పుడు వేషాన్ని పక్కనపెట్టి పల్లవి ఒక్కటీ గమనించండి. ఎవరైనా పాడుకోగల, గుడి గంటలా మోగే పల్లవి అది. వేషం చూసి జనం తల తిప్పి ఉంటారు, ఓటు మాత్రం ఆ పల్లవికే పడిందని నా నమ్మకం.

మన దగ్గర ఇలాంటివి ఏమైనా ఉన్నాయా?

ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ కథ తెలుసుకోవాలి. 2016 ప్రాంతంలో పాప్ పాటలకి, మన హిందీ హిట్లకి మెటల్ పేరడీలు చేస్తూ మొదలయ్యారు, అంటే పూర్తిగా సరదా సరుకే. అక్కడే ఆగిపోయి ఉంటే నాలుగు రోజుల ముచ్చటయ్యేది. డోలు, వేణువు, పంజాబీ, హిందీ, ఇంగ్లిష్ ర్యాప్ కలిపి సొంత పాటలు రాయడం మొదలుపెట్టారు, అవి కూడా డిప్రెషన్ మీద, స్కూల్లో ఏడిపించడం మీద, ఆడవాళ్ల మీద జరిగే దాడుల మీద. 2019లో జర్మనీలోని వాకెన్ అనే పెద్ద మెటల్ ఫెస్టివల్‌లో వాయించారు, 2022లో "రక్షక్" ఆల్బమ్ వచ్చింది. పేరులో ఇప్పటికీ పాత జోకు అలాగే ఉంది, పాటలు మాత్రం చాలా దూరం వెళ్లిపోయాయి. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ లాంటి గట్టి డెత్ మెటల్ (లోతు గొంతుతో గర్జించే మెటల్) బ్యాండ్ వచ్చింది గానీ వాళ్లది వేషాల దారి కాదు.

## బోర్ కొట్టడం మొదలయ్యాక

మొదటి ఆల్బమ్ పిచ్చిగా నచ్చింది, మూడోదానికి విసుగొచ్చింది. లోపం నాదా?

మీది కాదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది ఈ సంగీతానికి తగిలినంతగా ఇంకే సంగీతానికీ తగలదు. ఒక జోకు ఒక పాటకి సరిపోతుంది, బాగా రాస్తే మూడింటికి వస్తుంది, పన్నెండు పాటల ఆల్బమ్‌లో సాగదీస్తే నాలుగో పాటకే దారాలు బయటపడతాయి.

నేను ఇన్నేళ్లు వింటూ గమనించింది ఏంటంటే, థీమ్ అనేది వస్తువైతే త్వరగా అయిపోతుంది, లోకమైతే చాలాకాలం వస్తుంది. సముద్రపు దొంగలంటే ఒక లోకం: ఓడ, తుఫాను, తిరుగుబాటు, నిధి, ద్రోహం, ఒంటరితనం, మునిగిపోవడం, రేవులో తాగుడు. ఒక్కోదాని మీద ఒక్కో పాట రాయొచ్చు, ఏడుపు పాట కూడా రాయొచ్చు. మరుగుజ్జుల గని కూడా అంతే, అందులో కొండ ఉంది, రాజు ఉన్నాడు, యుద్ధం ఉంది, పని అలసట ఉంది. అదే అరిజోనాలోని ఫీనిక్స్ బ్యాండ్ ఓకిలీ డోకిలీని తీసుకోండి. సింప్సన్స్ కార్టూన్‌లో నెడ్ ఫ్లాండర్స్ అనే ఒక్క పాత్ర, ఆకుపచ్చ స్వెట్టర్, కళ్లద్దాలు, మీసం, ఐదుగురూ అదే వేషం, పాటల్లో ఎక్కువగా ఆ పాత్ర డైలాగులే. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నవ్వాను. 2019లో ఆ కార్టూన్ వాళ్లే ఒక ఎపిసోడ్ చివర వాళ్ల పాట పెట్టారు, ఒక సరదా బ్యాండ్‌కి అంతకంటే గౌరవం ఉండదు. కానీ ఒక్క మనిషి డైలాగుల్లోంచి ఎన్ని పాటలు తోడగలరు? బావి చిన్నది, నీళ్లు తియ్యగా ఉన్నా సరే.

దీన్నుంచి తప్పించుకోవడానికి గ్లోరీహ్యామర్ వాళ్లు ఒక తెలివైన పని చేశారు. కథని సీరియల్‌లా నడిపారు. 2013 మొదటి ఆల్బమ్‌లో స్కాట్లాండ్‌లోని ఫైఫ్ రాజ్యం, వీరుడు ఆంగస్ మెక్‌ఫైఫ్, మాంత్రికుడు జార్గోథ్రాక్స్, 2015 రెండో ఆల్బమ్‌లో అదంతా అంతరిక్షంలోకి వెళ్లిపోయింది. తర్వాత ఏమవుతుందో అన్న కుతూహలం జోకు పాతబడకుండా కాపాడింది. అయినా వాళ్లలోనూ ఒక లోపం ఉంది, కథ పెరిగేకొద్దీ పాటల ట్యూన్లు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా వినిపించడం మొదలైంది.

వేషం ఉందంటే వాయింపు తక్కువే కదా?

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. డెత్‌క్లోక్ అనేది 2006లో మొదలైన కార్టూన్ సీరియల్‌లోని ఉత్తుత్తి బ్యాండ్, కానీ దాని 2007 ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించింది జీన్ హోగ్లన్, మెటల్ డ్రమ్మర్లలో పెద్ద చెయ్యి. ఆ ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల జాబితా బిల్‌బోర్డ్ 200లో 21వ స్థానంలో అడుగుపెట్టింది. బేబీమెటల్ వెనక వాయించే కామి బ్యాండ్‌ని ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి. హెల్సింకిలో సంగీతం చదువుకున్న నలుగురు సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) కళాకారులు 1996లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా పాటలని సెల్లోల మీద వాయించి ఆల్బమ్ చేసినప్పుడు అందరూ వింతగానే చూశారు, ఆ అపొకలిప్టికానే తర్వాత సొంత పాటలతో పెద్ద బ్యాండయింది.

బలహీనత ఇంకోచోట ఉంది. చాలా థీమ్ బ్యాండ్లు ట్రంపెట్లు, ఫిడేళ్లు, కోరస్ గొంతులు అన్నీ కీబోర్డ్‌తో సరిపెట్టేస్తాయి. ఫోన్ స్పీకర్‌లో తెలియదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం ఆ బాకా శబ్దం ప్లాస్టిక్ బొమ్మలా, ఊపిరి లేకుండా వినిపిస్తుంది, అన్ని స్వరాలూ ఒకే గట్టితనంతో. రెండు నిజమైన ట్రంపెట్లు తెచ్చుకుంటే ఎన్ని పాటలు లేచి నిలబడేవో అనిపిస్తుంది నాకు.

బూతులు, తాగుడు, ఆడవాళ్ల మీద జోకులు. ఇవి భరించాల్సిందేనా?

అక్కర్లేదు. "జోకే కదా" అన్న సమాధానం నేను ఒప్పుకోను. తాగుడు పాటలు యూరప్ జానపదంలో ఎప్పటినుంచో ఉన్నవే, వాటితో నాకు గొడవ లేదు. కానీ జోకు అయిపోయిన చోట బూతు పెట్టి నింపడం బద్ధకం. స్టీల్ పాంథర్ లాంటి బ్యాండ్ల ఉద్దేశం ఎనభైల రాక్ స్టార్ల అహంకారాన్ని వెక్కిరించడమే, అది నాకూ తెలుసు, అయినా పదో పాటకి వచ్చేసరికి వెక్కిరింపు ఎటుపోయిందో కనబడదు, ఆడవాళ్ల మీద వేసిన జోకు మాత్రమే మిగులుతుంది. మంచి మార్పులు కూడా ఉన్నాయి. ఎస్కిమో కాల్‌బాయ్ అనే జర్మనీ బ్యాండ్, ఆ మొదటి మాట ఉత్తర ధ్రువ ప్రాంతపు జనాలని కించపరిచేదని ఒప్పుకుని, 2022లో ఎలక్ట్రిక్ కాల్‌బాయ్ అని మార్చుకుంది. సరదా ఏమాత్రం తగ్గలేదు.

సీరియస్ మెటల్ ఫ్యాన్స్ ఈ బ్యాండ్లని ఎందుకంత చులకన చేస్తారు?

తమ సంగీతాన్ని లోకం నవ్వులాటగా చూస్తుందేమోనన్న భయం. దశాబ్దాలపాటు "ఆ అరుపులేంట్రా" అనిపించుకున్నవాళ్లకి ఆ భయం ఉండటం సహజమే. కానీ నార్వే బ్లాక్ మెటల్ వాళ్లు మొహానికి తెలుపూ నలుపూ పూసుకుని, మేకులు కొట్టిన తోలు పట్టీలు చేతికి కట్టుకుని మంచులో ఫొటోలు దిగారు. అది వేషం కాకపోతే మరేంటి?

వేషం వేసిన మనిషే పోతే బ్యాండ్ ఏమవుతుంది?

గ్వార్ విషయంలో ఇదే జరిగింది. 1984లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో మొదలైన బ్యాండ్, అంతరిక్షం నుంచి దిగిన రాక్షసులమని చెప్పుకుంటూ రబ్బరు కవచాల్లో వాయిస్తారు. వాళ్ల నాయకుడు ఒడెరస్ ఉరుంగస్ వేషం వేసే డేవ్ బ్రాకీ 2014 మార్చిలో చనిపోయాడు. ఆ ఆగస్టులో అభిమానులంతా చేరిన చోట ఒడెరస్ వేషాన్ని పడవలో పడుకోబెట్టి, చెరువు మీదకి తోసి, నిప్పంటించారు. వైకింగ్ వీరుడికి చేసినట్టు అంత్యక్రియలు. కాలిపోతున్నది రబ్బరు, నురుగు, రంగు మాత్రమేనని ఒడ్డున ఉన్న అందరికీ తెలుసు, అయినా ఏడ్చినవాళ్లున్నారు. బ్యాండ్ కొత్త నాయకుడితో, కొత్త పాత్రతో నడుస్తూనే ఉంది. ఆ పాత వేషాన్ని ఇంకొకరికి తొడగలేదు, అది నాకు గొప్పగా అనిపించింది.

## షోకి వెళ్లేవాళ్లకి

మనమూ వేషం వేసుకుని వెళ్లాలా? లోపల ఏం జరుగుతుంది?

తప్పనిసరి కాదు, కానీ ఒక చిన్న కంటి పట్టీ పెట్టుకుని వెళ్లినా పక్కవాళ్లు పలకరిస్తారు. జర్మనీలో చదువుకునే రోజుల్లో ఒక పైరేట్ షోకి ఒక్కడినే వెళ్లాను. సగం షో అయ్యాక ఉన్నట్టుండి ముందువాళ్లు నేలమీద కూర్చోవడం మొదలుపెట్టారు, ఒకరి వెనక ఒకరు, కాళ్లు చాపుకుని, వరసగా. క్షణంలో రెండు వందల మంది పడవయిపోయారు. పాట లయకి అందరూ ఒకేసారి ముందుకి వంగి తెడ్లు వేస్తున్నట్టు చేతులు లాగుతున్నారు. నేల బీరుతో తడిసి చల్లగా ఉంది, నా ముందున్న పెద్దాయన వీపు చెమటతో నా మోకాళ్లకి తగులుతోంది, వెనక ఎవరో అమ్మాయి నా భుజాలు పట్టుకుని లయ తప్పకుండా లాగుతోంది. ఆ ఊళ్లో అప్పటికి ఆరు నెలలుగా ఉంటున్నా, నేనూ వాళ్లలో ఒకణ్ణి అనిపించింది ఆ రాత్రే.

వెళ్లేముందు ఇయర్‌ప్లగ్స్ తప్పకుండా కొనుక్కోండి. మూతి మూసిన బూట్లు వేసుకోండి. గ్వార్ షో అయితే స్టేజీ మీంచి ఉత్తుత్తి రక్తం పిచికారీ చేస్తారు, ముందు వరసలో ఉంటే ఒంటిమీద ఒక్క అంగుళం కూడా పొడిగా మిగలదు. అభిమానులు కావాలనే తెల్ల టీషర్టులు వేసుకెళ్లి ఆ రంగుతోనే దాచుకుంటారు.

## మనమే బ్యాండ్ పెట్టాలనుకుంటే

ఫ్రెండ్స్‌తో కలిసి తెలుగు థీమ్‌తో బ్యాండ్ పెడదామనుకుంటున్నాం. ఆవకాయ మెటల్ అంటే ఎలా ఉంటుంది?

పేరు వినగానే నోరూరుతుంది, పోస్టర్ కూడా అదిరిపోతుంది. ఇప్పుడు కూర్చుని పది పాటల పేర్లు రాయండి. కాయలు కొట్టే కత్తి ఒకటి, డబుల్ బేస్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆవపిండి ఘాటు రెండు. జాడీకి వాసెన కట్టడం మూడు. మొదటి ముద్ద నాలుగు. తర్వాత? ఆవకాయ నుంచి వేసవి సెలవులకి, అమ్మమ్మ ఇంటికి, ఆ జాడీ విదేశానికి సూట్‌కేసులో వెళ్లడానికి, అమ్మమ్మ పోయాక అదే రుచి ఎవరికీ కుదరకపోవడానికి దారి తీయగలిగితే మీ దగ్గర ఆల్బమ్ ఉంది. తీయలేకపోతే ఒక మంచి పాట ఉంది, దాన్నే బాగా చేసి వదలండి. అది కూడా చిన్న విషయం కాదు.

పగటి వేషాలు లాంటి విషయం ఇంకా లోతుగా వెళ్తుంది. ఊరూరూ తిరగడం, రోజుకో వేషం, వేషం వెనక ఆకలి, అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ ఆ కళాకారుల దగ్గర కూర్చుని, వాళ్ల అనుమతితో, గౌరవంగా చేయండి.

వేషాలకి ఎంత ఆలోచించాలి?

వేషం కుట్టించే ముందే అందులో వాయించి చూడాలి. గ్లవ్స్ వేసుకుంటే గిటార్ తీగ మీద వేలు జారుతుంది, మాస్కు నోటికి అడ్డొస్తే గాయకుడికి ఊపిరి అందదు, భుజాల మీద బరువు పెరిగితే డ్రమ్మర్ చెయ్యి పైకి లేవదు. మన మే నెల ఎండల్లో, ఏసీ సరిగా పనిచేయని హాల్లో, రబ్బరు మాస్కుతో నలభై నిమిషాలు వాయించడం ప్రమాదకరం. పల్చటి నూలు బట్ట, మొహానికి రంగు, ఒక్క మంచి తలపాగా, వీటితో మొదలుపెట్టండి. రిహార్సల్‌లో మొత్తం సెట్‌ని వేషంతో కనీసం మూడుసార్లు వాయించండి, మధ్యలో మాస్కు తీసి నీళ్లు తాగే రెండు చోట్లు ముందే పెట్టుకోండి, డ్రమ్మర్ వెనక ఒక టేబుల్ ఫ్యాన్ తప్పనిసరి.